అది మొరాయిస్తోంది

ఆ ఆదివారం పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు తుడవాలి, స్టేషనుకు వెళ్ళాలి, రైలు దిగిన మామగారిని ఎక్కించుకుని ఎక్కడా కుదుపు లేకుండా ఇంటికి తీసుకురావాలి. మిగతాది మామగారే చూసుకుంటారు.

మిగతాదంటే ఆ కారు సంగతే. మామగారు రిటైరైన హెడ్మాస్టరు. వారం కిందట ఊరెళ్తూ అత్తగారినీ, కారునూ ఒకేసారి కూతురింట్లో దింపి, ఇద్దరికీ కావలసిన జాగ్రత్తలు చెప్పారు. కారుకి కాస్త ఎక్కువ చెప్పారు. కూతురికి సోమవారం నుంచి కొత్త ఉద్యోగం. ఆ ఆఫీసు బస్సులు పోని చోట ఉంది. కారు దొరికితే ఉద్యోగం, లేకపోతే లేదు. ఇవ్వడానికి మామగారికి అభ్యంతరం లేదు గానీ, "ఇంట్లో నడిపేవాళ్ళు ఇద్దరు ఉంటారు కదమ్మా. అల్లుడుగారి చేతిలో ఎలా ఉంటుందో చూసి చెబుతాను" అన్నారు.

పరీక్ష అనేసరికి అల్లుడు తాళం చెవి ముట్టుకోలేదు. వారమంతా అతను కారును చూడడం తప్ప ఏమీ చేయలేదు. పొద్దునా సాయంత్రం కప్పిన గుడ్డ ఎత్తి చూసి, అంతా సవ్యంగానే ఉందనుకుని మళ్ళీ కప్పేవాడు. ఆఫీసు వ్యాను ఏళ్ళ తరబడి నడిపిన మనిషే. కాకపోతే అది మనం గేర్లు మార్చాల్సిన బండి, ఇది దానంతటదే మార్చుకునే బండి.

"నేను వెళ్ళి తీసుకొస్తానుగా. నేను నేర్చుకుందే ఈ కారు మీద" అంది కూతురు.

"నువ్వు తెస్తే నీ గొప్ప. నేను తెస్తేనే కారు మనది" అన్నాడతను.

ఆ మాటా నిజమే అనిపించి ఆమె స్నానానికి వెళ్ళిపోయింది. స్టేషనుకు బయలుదేరే ముందు వీధి చివరిదాకా ఓసారి వెళ్ళొస్తే ధైర్యంగా ఉంటుందని, అల్లుడు గుడ్డ తీసి కారెక్కాడు. లివరు 'డి'లో పెట్టాడు. కారు ఒక్క క్షణం బిగుసుకుని, ఎవరో వెనక నుంచి తన్నినట్టు ముందుకు దూకింది. కాస్త వేగం పుంజుకున్నాక నిలువునా ఊగి ఆగింది. మళ్ళీ దూకింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి మాడు వాసన మొదలైంది. వెనక్కి తిప్పి ఇంటి ముందు ఆపేలోపు చెత్తడబ్బా ఒకటి దొర్లిపోయింది.

అల్లుడు వెంటనే ఆఫీసు వ్యానును బాగుచేసే మెకానిక్కుకి ఫోన్ చేశాడు.

"గేర్ బాక్సులో ఆయిల్ తగ్గిందేమో చూడండి సార్" అన్నాడు మెకానిక్కు తాపీగా. "ఇంజిన్ ఆపకండి. 'పి'లో పెట్టి, ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి తీయండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. రంగు ఎర్రగా ఉండాలి. నల్లగా ఉంటే మాత్రం డేంజర్."

అల్లుడు బానెట్ ఎత్తి, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, చేతికందిన పుల్ల లాగాడు. ఇంజిన్ చప్పుడులో అవతలి మనిషికి వినిపించాలని గొంతు చించుకుని మాట్లాడాడు. సరిగ్గా అప్పుడే మేడ మీద అత్తగారు దిండు గలీబులు ఆరేస్తున్నారు. ఆవిడకి కారు కనిపించలేదు, ఫోనులో మెకానిక్కు వినిపించలేదు. వినిపించినవన్నీ అల్లుడి మాటలే.

"నల్లగా ఉందండీ! పూర్తిగా నల్లబడిపోయింది!... ఆఁ, వాసన కూడా వస్తోంది, మాడు వాసన!... ముందుకు రమ్మంటే బిగుసుకుపోతోంది. వెనక్కి పొమ్మంటే మరీ మొరాయిస్తోంది!... మామగారి దగ్గర ఉన్నన్నాళ్ళూ బాగానే ఉందండీ, నా చేతికొచ్చాకే ఇలా!"

అత్తగారి చేతిలో గలీబు ఆగిపోయింది. పెళ్ళయిన నాటి నుంచీ అల్లుడు భార్యని 'తను' అనేవాడే తప్ప, ఏనాడూ 'అది' 'ఇది' అనే లెక్కలో మాట్లాడలేదు. ఇవాళ ఏకంగా 'మొరాయిస్తోంది'!

"అంటే ఇక మార్చెయ్యాల్సిందేనా?" కింద నుంచి గొంతు ఇంకా పైకి లేచింది. "సరే, ఏదైతే అదైంది. మామగారు వచ్చేలోపు దీన్ని ఇంట్లోంచి పంపించెయ్యాలి. ఎవర్నైనా పంపి ఎత్తుకుపొమ్మనండి బాబూ, మీకు పుణ్యం ఉంటుంది!"

అత్తగారు గబగబా లోపలికి వచ్చి మామగారికి ఫోన్ చేశారు. రైల్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంది.

"ఏవండీ! అల్లుడు మన పిల్లని వదిలించుకుంటున్నాడండీ!"

"ఏం ఇంచుకుంటున్నాడు? గట్టిగా చెప్పు!"

"నల్లబడిపోయిందట! మాట వినడం లేదట! మార్చేస్తాడట!"

"ఎవర్ని మార్చేది?" అన్నారు మామగారు. సమాధానం వచ్చేలోపు సిగ్నల్ పోయింది.

అత్తగారు అంతటితో ఊరుకోలేదు. మంచం కింద నుంచి సూట్‌కేసు లాగి, కూతురి బట్టలు సర్దడం మొదలుపెట్టారు. తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మా, నా చీరలు ఎక్కడికి సర్దుతున్నావు?"

"నువ్వేం మాట్లాడకు తల్లీ. నువ్వు నల్లగా ఎక్కడున్నావే? చామనఛాయ!" అని ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు.

అమ్మకీ భర్తకీ మాటా మాటా వచ్చి ఉంటుందనుకుని కూతురు పరుగున కిందికి వెళ్ళింది. అల్లుడు బానెట్ ముందు చేతులు జేబులో పెట్టుకుని, ఎవరో పోయినట్టు నిలబడి ఉన్నాడు.

"ఏవండీ, మా అమ్మని ఏమన్నారు? పైన ఏడుస్తోంది!"

"అప్పుడే ఆవిడకి తెలిసిపోయిందా?" అతను మేడ వైపు చూశాడు. "నా తప్పేం లేదు. పొద్దున్నే ఇలా బయటపడింది. ఈ రహస్యం మన ముగ్గురి మధ్యే ఉండాలి. మీ నాన్నగారికి మెల్లగా చెబుదాం."

"ఏం బయటపడింది? ఎన్నాళ్ళ నుంచి?" అంది ఆమె.

"వీధి చివర నుంచి. గేర్ బాక్సు కాలిపోయింది."

ఆమె ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఆగిపోయింది. రేపటి ఉద్యోగం కళ్ళ ముందే వెళ్ళిపోతోంది. ఏదో అనబోయేలోపు కొక్కెం ఊపుకుంటూ బండ్లు లాక్కెళ్ళే లారీ వచ్చి గేటు ముందు ఆగింది. దాని వెనకే ఒక టాక్సీ వచ్చి ఆగింది. మామగారు స్టేషనులో ఎవరికోసమూ ఆగకుండా దొరికిన టాక్సీ ఎక్కేశారు. ఆయన దిగేసరికి లారీ డ్రైవరు ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు.

"ఈ ఇల్లేనా సార్? ఇక్కడ ఒకటి పాడైపోయిందట. ఎత్తుకుపోదామని వచ్చాను."

మామగారి చేతిలో గొడుగు పైకి లేచింది. "ఎవరు ఎత్తుకుపొమ్మన్నారయ్యా?"

"ఇంటల్లుడుగారేనండి. మామగారు వచ్చేలోపే పని అయిపోవాలని మరీ మరీ చెప్పారట."

"వచ్చేశాను! ఏదీ, ఎత్తు చూద్దాం!"

డ్రైవరు రెండడుగులు వెనక్కి వేశాడు. మెట్ల మీద అత్తగారు సూట్‌కేసుతో ప్రత్యక్షమయ్యారు. గోడకి ఆనుకున్న అల్లుడు పారిపోవడానికి దారి వెతుక్కున్నాడు.

"నాన్నా! ఆ డ్రైవర్ని ఏమీ అనకు. అతను కారు కోసం వచ్చాడు" అంది కూతురు పరుగెత్తుకొస్తూ.

"కారా?"

"మీ కారే మామయ్యగారూ. గేర్ బాక్సు కాలిపోయిందండీ. క్షమించండి" అన్నాడు అల్లుడు.

"గేర్ బాక్సేనా!" అన్నారు మామగారు. గొడుగు దించి, గట్టు మీద కూర్చుని, కూతురి చెయ్యి పట్టుకుని హాయిగా నవ్వారు. పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచుకుని ఇంకాసేపు నవ్వారు. ఆ తరువాత నవ్వు ఆగిపోయింది. "గేర్ బాక్సా?" అంటూ లేచారు.

అల్లుడు నల్లటి పుల్ల లాగి చూపించాడు. మామగారు దాన్ని కళ్ళజోడుకి దగ్గరగా పెట్టుకున్నారు.

"ఇది ఇంజిన్ ఆయిల్ పుల్ల అల్లుడుగారూ. పాతబడ్డ ఇంజిన్ ఆయిల్ నల్లగానే ఉంటుంది. దాన్ని ఇంజిన్ ఆపి చూడాలి. నడుస్తుంటే ఎప్పుడు చూసినా తక్కువే. గేర్ బాక్సుది ఇదిగో." వెనక నుంచి ఇంకో పుల్ల లాగి, తుడిచి, మళ్ళీ పెట్టి తీశారు. ఆయిల్ రెండు గీతల మధ్య, దానిమ్మ రసంలా ఎర్రగా ఉంది. వాసన చూశారు. "నిక్షేపంలా ఉంది."

"మరి ఆ కుదుపు?"

ముందు కూతురు నడిపింది. కారు పక్కింటి పిల్లి కూడా తల తిప్పనంత నెమ్మదిగా వీధి చివరిదాకా వెళ్ళి వచ్చింది. తరువాత అల్లుడు కూర్చున్నాడు, పక్కన మామగారు. కారు బిగుసుకుంది, దూకింది, ఊగింది. మామగారి కళ్ళజోడు కాళ్ళ దగ్గర పడింది. దాన్ని వెతుక్కోవడానికి వంగినాయన చాలాసేపు వంగే ఉండిపోయారు.

"అల్లుడుగారూ, మీ ఎడమకాలు ఏం చేస్తోంది?"

"క్లచ్ తొక్కుతోందండీ."

"ఈ కారుకి క్లచ్ పెడలు లేదు."

అల్లుడు కిందికి చూసుకున్నాడు. "మరి నేను తొక్కుతున్నది?"

"బ్రేకు. ఒక కాలు పొమ్మంటోంది, ఇంకో కాలు ఆగమంటోంది. పాపం, అదెవరి మాట వినాలి? ఆ మాడు వాసన బ్రేకులది."

ఇద్దరూ కారు దిగారు. కూతురు తల నుంచి జారిన తువ్వాలు పిండుతూ నాన్న మొహం చూస్తోంది. అల్లుడికి భూమి మీద చూడడానికి తన చెప్పులు తప్ప ఏమీ దొరకలేదు.

మామగారు గొంతు సవరించుకున్నారు. "రైల్లో ఫోన్ కట్టయ్యాక ఒకటే అనుకున్నాను. పిల్ల క్షేమంగా ఉంటే చాలు, కారు ఏమైపోతే నాకేంటి అని. అనుకున్నాక ఇప్పుడు బేరాలాడితే బాగుండదు. కారు మీదే." కూతురి మొహం విచ్చుకునేలోపే ఆయన వేలెత్తారు. "తాళం చెవి మాత్రం నీ దగ్గరే ఉండాలి."

"అంటే నన్ను ఉత్త చేతులతో పొమ్మంటారా?" అన్నాడు లారీ డ్రైవరు దిగాలుగా. ఈసారి అత్తగారి చూపు అల్లుడి వైపు వెళ్ళి, కాసేపు అక్కడే ఆగింది.

సోమవారం కూతురు కారులో కొత్త ఉద్యోగానికి వెళ్ళింది. అల్లుడు బస్సెక్కి, ఖాళీ సీట్లున్నా డ్రైవరు పక్కనే నిలబడి, ఆయన క్లచ్ తొక్కినప్పుడల్లా తృప్తిగా తలాడిస్తూ ఆఫీసు చేరాడు.