ఇస్త్రీ బొబ్బకు డాక్టరేట్

అసలు మనకి డాక్టర్లెందుకండీ? ఏళ్ల తరబడి చదివొచ్చి, చివరికి మనల్నే "ఏమైంది?" అని అడుగుతారు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అడగడాల్లేవు, అన్నీ చెప్పడాలే! పొద్దున పళ్లు తోముకునేలోపు రెండు జబ్బులూ, వాటికి నాలుగు వైద్యాలూ వచ్చి పడతాయి. ఈ మహమ్మారి రోజుల్లో ఇంతకంటే అదృష్టం ఏం కావాలి?

నమ్మరా? అయితే మార్కెట్ వీధి దర్జీ సంగతి వినండి.

పొద్దస్తమానం సూదితో బతికే మనిషికి సూదంటే భయం! బట్టలోకి దిగేది కాదు లెండి, చేతిలోకి దిగేది. తల్లి పోయాక ఆయన్ని పెంచింది అక్క. ఆవిడకి చిన్నప్పట్నుంచీ ఆయాసం. "తమ్ముడూ, రేపు ఇద్దరం వెళ్లి టీకా వేయించుకుందాంరా. నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం" అని గ్రూపులో పెట్టింది.

భయమని ఒప్పుకుంటే దర్జీ పరువు పోదూ? సరిగ్గా ఆ పూటే ఇస్త్రీపెట్టె తగిలి మోచేతి పైన బొబ్బ లేచింది. దాన్ని ఫోటో తీసి, "మా కస్టమరుకి టీకా వేస్తే ఇలా అయిందట. కొన్నాళ్లు ఆగుదాం అక్కా" అని పెట్టేసి, హాయిగా కాజాలు కుట్టుకున్నాడు.

సోషల్ మీడియా ప్రతిభని ఎలా గుర్తిస్తుందో చూడండి! సాయంత్రానికల్లా ఆ బొబ్బ ఇంకో గ్రూపులో తేలింది. పక్కన తెల్లకోటు మనిషి, కింద "శాస్త్రవేత్తల హెచ్చరిక"! మర్నాటికి ఎర్ర బాణాలూ, ఏడుపు మ్యూజిక్కూ తగిలించుకుని వీడియో అయింది. ఇస్త్రీపెట్టె మొన అచ్చు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. చూసేదెవరు? దర్జీ కూడా హడలిపోయి, "నాకు ముందే అనిపించింది సుమా!" అంటూ పదిమందికి పంపాడు.

అక్క ఆగింది. జబ్బు ఆగలేదు.

ఆసుపత్రి మంచం మీద, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో ఆవిడ ఫోన్ చేసింది. "తమ్ముడూ... నువ్వు మాత్రం దాని జోలికి వెళ్లకురా. ఆ చెయ్యి చూశావుగా, పాపం."

దర్జీ వెంటనే ఫోను పెట్టేసి, "ఆ చెయ్యి నాదే, అది ఇస్త్రీపెట్టెతో కాలిన బొబ్బ" అని గ్రూపులో రాశాడు. ఇస్త్రీపెట్టె ఫోటో కూడా జత చేశాడు.

"ప్రూఫేది?" అన్నాడు బావమరిది. "ఎవరైనా బెదిరించారా నాయనా?" అంది మేనత్త. తప్పుడు ప్రచారం చేస్తున్నాడని చిన్నాన్న ఆయన్ని గ్రూపులోంచే తీసేశాడు!

దర్జీ ఏడుస్తూ అక్కకే ఫోన్ చేసి అంతా చెప్పాడు. ఆవిడ నీరసంగా నవ్వింది. "పిచ్చి వెధవా! నాకు ధైర్యం చెప్పడానికి ఎంత అబద్ధమాడుతున్నావురా! అంత పెద్ద శాస్త్రవేత్తే చెప్పాక..."

దగ్గు ముంచుకొచ్చి ఫోను చేతిలోంచి జారింది. గ్రూపులో వైద్యాలు చెప్పే ప్రొఫెసర్లంతా దండం బొమ్మలు పెట్టారు. మంచం దగ్గరికి పరిగెత్తుకొచ్చింది మాత్రం, మనకి అక్కర్లేని ఆ డాక్టరే.

"ఏమైంది?" అని అడిగాడు.

ఏమైందో తెలిసిన మనిషి ఫోనుకి అవతల భోరుమంటున్నాడు. కానీ ఆయన్ని గ్రూపులోంచి తీసేశారుగా!