చివరి పదహారు పేజీలు

ఆ బైండింగ్ షాపాయన్ని అందరూ జిగురుబాబు అంటారు. కుట్టడానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ పట్టుకుని వదలడు మరి. ఆయన ప్రాణానికి ఒక్కటే గండం, పక్కనే కూర్చుని పదహారేసి పేజీల ఫారాలు కుట్టే భార్య. ఈయన సగం చదివేలోపు ఆవిడ మొత్తం చదివేసి ముగింపు చెప్పేస్తుంది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన ఒక్క కథ ముగింపూ స్వయంగా చదివిన పాపాన పోలేదు.

ఆ ఉదయం లైబ్రరీ నుంచి కుట్లూడిన ఊహాలోకాల కథల సంపుటి వచ్చింది. వెనక్కి నడిచే ఊళ్ళు, నీడల్ని అద్దెకిచ్చే దుకాణం! జిగురుబాబు అన్నం సంగతే మరిచిపోయాడు. ఆఖరి కథలో ఒకామె చంద్రుడి వెనకున్న ఇనుప తలుపు తట్టింది. తలుపు కదిలింది. ఫారం అయిపోయింది! మిగతా కథంతా చివరి ఫారంలో, అంటే ఆఖరి పదహారు పేజీల్లో ఉంది.

"నేను మూడో కథలో ఉన్నా. ఇంకో గంటలో మీకు అంతా చెప్పేస్తాలెండి" అంది భార్య ఉత్సాహంగా.

ఆవిడ అటు తిరగ్గానే జిగురుబాబు చివరి ఫారం లాగి, కుట్టాల్సిన వాషింగ్ మెషీన్ వాడకం పుస్తకాల దొంతర కింద తోసేశాడు.

"చివరి ఫారం ఏదండీ?"

"లైబ్రరీ వాళ్ళే పంపలేదేమో!" అన్నాడు దొంతర వైపు దొంగచూపు చూస్తూ. తర్వాత గబగబా రెండు ముద్దలు తిని, దొంతర కింది ఫారం చొక్కాలో దాచుకుని మేడెక్కాడు.

'డ్రమ్ము తిరగడం ఆగేవరకు తలుపు తెరవరాదు.' ఆహా, చంద్రుడి కడుపులో డ్రమ్మా! 'తెల్లవాటిని రంగువాటితో కలపరాదు.' మనుషుల్ని రంగుని బట్టి విడదీసే లోకం, ఎంత చురక! 'పిల్లలకు దూరంగా ఉంచాలి.' అక్కడ ఆయనకు కళ్ళు చెమర్చాయి.

కిందికి పరుగెత్తుకొచ్చేసరికి లైబ్రేరియనమ్మ వచ్చి కూర్చుంది.

"ఈసారి ముగింపు నేను చెప్తానే!" అని భార్యతో చేతులూపుతూ మొదలుపెట్టాడు. డ్రమ్ము నిమిషానికి వెయ్యిసార్లు తిరగడం దాకా వచ్చాక లైబ్రేరియనమ్మ అయోమయంగా చూసింది.

"నేనా కథ రెండుసార్లు చదివానండీ. అందులో డ్రమ్ము లేదే?"

"ఆయన చదివింది బట్టలుతికే కథండీ. ఆయన అన్నం తింటుండగా దొంతర కింది అసలు ఫారం నేను మార్చేసి, చదివేసి, కుట్టేశాను కూడా" అని భార్య కొత్త అట్ట వేసిన సంపుటిని లైబ్రేరియనమ్మ చేతిలో పెట్టింది.

"ఒక్క పావుగంట ఉంచండమ్మా!" జిగురుబాబు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మో, నలభై మంది కాచుక్కూర్చున్నారు!" అంటూ లైబ్రేరియనమ్మ తప్పించుకుని వెళ్ళిపోయింది.

వీధి మలుపులో పుస్తకం కనుమరుగయ్యేదాకా చూసి, ఆయన మెల్లగా భార్య పక్కకు జరిగాడు.

"తలుపు వెనకాల ఎవరున్నారే? చెప్పవే, నీకు పుణ్యముంటుంది."

"అదేంటండీ! ముగింపు చెబితే సరదా చచ్చిపోతుందని పద్దెనిమిదేళ్ళుగా మొత్తుకుంటున్నది మీరే కదా?" అంటూ ఆవిడ వాషింగ్ మెషీన్ పుస్తకాలు కుట్టడం మొదలుపెట్టింది.