అమ్మ అని కొట్టి ట్యాబ్ నొక్కండి

ప్రతి ఇంటి తల్లినీ కంప్యూటర్‌లో ఒక కమాండ్‌గా మార్చెయ్యాలని నా గట్టి అభిప్రాయం. నన్ను ఇప్పటికే మార్చేశారు. చాలా సుఖంగా ఉంది.

నవ్వకండి. మా అబ్బాయి నరేష్‌కుమార్ ఎల్‌బీ నగర్‌లో మా ఇంట్లోనే కూర్చుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. వాడి కంప్యూటర్‌లో బొమ్మలూ బటన్లూ లేని నల్ల తెర ఒకటి ఉంటుంది. దాంట్లో ఒక మాట రాస్తే ఒక పని జరుగుతుంది; ఆ మాటే కమాండ్. అలా జరగాల్సిన పనులన్నీ ముందే రాసి పెట్టుకుంటే దాన్ని స్క్రిప్ట్ అంటారట.

పోచంపల్లిలో మా చెల్లెలు యాదలక్ష్మి దగ్గర నాలుగు రోజులు ఉండి రావాలని నాకు ఎప్పటినుంచో కోరిక. దాని మగ్గం పక్కన కూర్చుని, రంగులో ముంచబోయే నూలుకు ముడులు కట్టాలి. అంతే. ఆ మాట ఎత్తితే చాలు, ఇంట్లో కర్ఫ్యూ పెట్టినంత పని అయ్యేది.

“నువ్వు పోతే మోటర్ ఎవరేస్తరమ్మ?” అనేవాడు నరేష్.

“గ్యాస్ బండ ఎప్పుడొస్తదో నాకేం ఎర్క అత్తమ్మ?” అనేది కోడలు రజిత.

చివరికి వాడికే జాలి కలిగింది. “జర ఆగమ్మ. నీ పనులన్ని స్క్రిప్ట్‌ల పెడ్త. అప్పుడు నిమ్మళంగ పో” అన్నాడు. ఆఫీసు పనికి కూడా చూపించని శ్రద్ధతో కూర్చుని రాశాడు. దానికి ‘అమ్మ’ అని పేరు పెట్టాడు.

ఎంత ముచ్చటగా ఉందనుకున్నారు! ‘అమ్మ’ అని కొట్టి, పక్కన ‘మోటర్’ అని కొట్టాలి. ఆ రెండో మాట సబ్‌కమాండ్. అమ్మ పాలు, అమ్మ మందులు, అమ్మ చెత్తబండి. పూర్తిగా రాసే శ్రమ కూడా లేదు. ‘మో’ అని కొట్టి ట్యాబ్ మీట నొక్కితే మిగతాది అదే రాసుకుంటుంది. ‘గ’ దగ్గర ఆగి నొక్కితే గేటు, గ్యాస్, గీజర్ మూడూ చూపించి, తేల్చుకోమంటుంది. దీన్ని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో కోర్సుగా ఎందుకు పెట్టలేదు? పెద్ద ఆడబిడ్డ పేరుతో ఒక స్క్రిప్ట్ రాసి ట్యాబ్ నొక్కితే, ఈ పండక్కి ఏ పాత గొడవ తవ్వాలో జాబితా వచ్చేస్తుంది కదా?

తప్పు రాస్తే మాత్రం దానికి మొహమాటం లేదు. నేను తడబడి ‘అమ’ అని కొట్టాను. ‘అమ: కమాండ్ నాట్ ఫౌండ్’ అంది.

“అంటే ఏందిరా?”

“గా పేరుతోని ఈడ ఎవ్వరు లేరని.”

ఆ జవాబు నాకు భలే నచ్చింది. పని చెప్పబోతే, అలాంటివాళ్లెవరూ లేరని చెప్పి చల్లగా కూర్చోవడం. ఇన్నేళ్ల కాపురంలో నాకు తోచనే లేదు.

ఆలోచిస్తే ఈ ట్యాబ్ నాకు కొత్తేమీ కాదు. మా ఆయన “ఏమే, ఆ...” అంటే కళ్లజోడు తెచ్చి ఇచ్చేదాన్ని. ఆయన పోయాక కొడుకు “అమ్మా, చా...” అంటే చాయ్ పెడుతున్నాను. ఈ ఇంట్లో పూర్తి వాక్యంతో ఎవరికీ పని పడలేదు. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని కాబట్టి, చివరి చుక్క దాకా రాసే పిచ్చి నాకొక్కదానికే ఉంది.

సరే, బ్యాగు సర్దుకుని బస్సెక్కాను. బాటసింగారం దగ్గర పండ్ల లారీల వెనక బస్సు నిలిచిపోయింది. ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. ‘మోటర్.’ బస్సు కదిలాక మరొకటి, ‘గ్యాస్.’ పోచంపల్లిలో దిగేసరికి పాలు, గేటు, మళ్లీ మోటర్.

ఫోన్ చేశాను. “ఏందిరా ఇవన్ని?”

“స్క్రిప్ట్ మస్తు నడుస్తున్నదమ్మ. ట్యాబ్ అయితే సూపర్.”

“మరి మోటర్ నడిచిందా?”

“దాని స్విచ్ ఏడుంటదో నాకేం ఎర్క? లోపలి కోడ్ ఇంక రాయలే. ఇప్పటికైతే ఏది కొట్టినా నీకు మెసేజ్ పోయేటట్టు పెట్టిన. నువ్వు ఇప్పుడు చదువుతవు కద.”

చూశారా చదువు వల్ల లాభం! ఇదివరకు నోటిమాటగా వచ్చే ఆర్డర్లు ఇప్పుడు రాతపూర్వకంగా వస్తున్నాయి. వాడు రంగులద్దాడు, సబ్‌కమాండ్లు పెట్టాడు, దాన్ని ఎలా వాడాలో ఒక పేజీ రాశాడు. తెర వెనక మోటర్ వేసేది మాత్రం పాత అమ్మే. ఇంత నమ్మకమైన టెక్నాలజీ ఇంకే దేశంలో ఉంది?

యాదలక్ష్మి నూలు తెచ్చి నా ముందు పరిచింది. మొదటి ముడి బిగించానో లేదో, ఫోన్ మళ్లీ గుర్రుమంది. ‘గీజర్.’

“ఎవరక్కా?”

“ఎవరో. అమ్మ కావాల్నట.”

వేళ్లకు చుట్టుకున్న దారం విడదీసుకున్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఏ ట్యాబ్ సాయమూ లేకుండా, చివరి చుక్క దాకా జవాబు రాశాను.

‘అమ్మ: కమాండ్ నాట్ ఫౌండ్.’

ఫోన్ బోర్లా పెట్టి రెండో ముడి వేశాను.