బ్రేకు వేస్తే బరాత్

ఆ పొద్దున గోవర్ధన్ పథకం చాలా చిన్నది. కోరుట్లలో తన వీధి నిద్ర లేవకముందే కారెక్కాలి, సాయంత్రం హైదరాబాద్‌లో విమానం ఎక్కాలి. సిరిసిల్లలో మగ్గాలు ఆగిపోయాక అతనికి దొరికిన ఒకే ఒక్క పని దుబాయ్‌లో ఉంది. ప్రయాణం సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పచ్చళ్లు వస్తాయి.

ఆ వీధిలో గల్ఫ్‌కు పోయేవాడి పెట్టె అందరిదీ. మొగుడికి మామిడికాయ తొక్కు, కొడుక్కి సకినాలు, తమ్ముడికి మోకాళ్ల నూనె. గోవర్ధన్ బావ జితేందర్ అప్పట్లో తన బట్టలు ఇంట్లోనే వదిలేసి, తొక్కు డబ్బాలతో దుబాయ్‌లో దిగాడు.

ఇప్పుడు జితేందర్ తిరిగొచ్చి, పాత కారు కొని కిరాయికి తిప్పుతున్నాడు. దుబాయ్ నుంచి తెచ్చుకున్న ఆంప్లిఫయర్‌ను ముందురోజే డిక్కీలో బిగించాడు. బ్యాటరీ వైరూ ఎర్తు వైరూ కుదిరాయి. ఆంప్లిఫయర్‌ను ఆన్ చేసే సన్న వైరు ఒకటి మిగిలింది. డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి, టెస్టర్ వెలిగిన వైరుకు దాన్ని చుట్టేశాడు.

కారు కదిలింది.

"బావా, పాటలద్దు. సప్పుడు కాకుంట పోదాం."

"సిన్నగ పెడ్త తియ్."

పాట రాలేదు. జితేందర్ వాల్యూమ్ గుండీ తిప్పాడు. ఇంకా తిప్పాడు. చివరిదాకా తిప్పాడు. రాజక్క ఇంటి ముందు స్పీడ్ బ్రేకర్ వచ్చింది. బ్రేకు వేశాడు. పెండ్లి బరాత్ డప్పులకు కిటికీలు అదిరాయి.

"ఆపు బావా!"

కంగారులో గుండీ ఊడి జితేందర్ చేతికొచ్చింది. దిగి డిక్కీ తెరిచాడు. చడీచప్పుడు లేదు. మళ్లీ కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టాడు. డప్పులు.

"దిగితె బందైతది, ఎక్కితె మోగుతది. దయ్యం గిట్ల పట్టిందారా దీనికి?"

రాజక్క కొంగు సర్దుకుంటూ ఉరికొచ్చింది. "ఎవల పెండ్లిరా?" అని లోపలికి తొంగిచూసి పెట్టెను కనిపెట్టింది. "ఓ గోవర్ధనూ! దుబాయ్ పోతున్నవా? దొంగ లెక్క పోతవారా? ఆగు, మా ఆయనకు తొక్కు తెస్త."

ఆ వీధిలో ఇంటికో స్పీడ్ బ్రేకర్. శంకరవ్వ నూనె సీసా వచ్చింది, సకినాల సంచీ వచ్చింది, ఇంకో నాలుగు తొక్కు డబ్బాలు వచ్చాయి, వీధి చివరికి చేరేసరికి గోవర్ధన్ ఒళ్లో అతని చేతులకు కూడా చోటు లేదు.

ఆఖరి ఇంటి ముందు హలీమాబీ కారు వెనక నిలబడి, చెవులు మూసుకుని అరిచింది. "అరే బేటా, ఎర్ర లైటు ఎలిగితేనే మోగుతుంది! బ్రేకు మీదికెల్లి కాలు తియ్!"

జితేందర్ కాలు తీశాడు. వీధి నిశ్శబ్దమైంది. నిన్న టెస్టర్ వెలిగినప్పుడు తన మోచెయ్యి ఎక్కడుందో అతనికిప్పుడు గుర్తొచ్చింది. బ్రేకు పెడల్ మీద.

హలీమాబీ కొడుకు ఖాలిద్ దుబాయ్‌లోనే ఉన్నాడు, అయినా ఆమెవి ఉత్త చేతులు. గోవర్ధన్‌కు ప్రాణం లేచొచ్చింది. "ఖాలిద్‌కు ఏం పంపవా ఖాలమ్మా?"

"ఎందుకు బేటా, వాడే రేపు వాపస్ వస్తుండు. జీతాల్లెవ్వు, కంపెనీకి తాళం పడ్డది. నీది ఏ కంపెనీ?"

గోవర్ధన్ పేరు చెప్పాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గదే బేటా."

పని ఇప్పించిన ఏజెంట్ ఫోన్ స్విచాఫ్. ఖాలిద్ మాత్రం మొదటి రింగుకే ఎత్తాడు. "రాకు అన్నా. మేమే గేటు బయట కూసున్నం."

గోవర్ధన్ ఫోన్‌ను ఒళ్లోని తొక్కు డబ్బా మీద పెట్టాడు.

"ఇంటికి తిప్పు బావా," అన్నాడు.

"రేపు ఖాలిద్‌ను తేనీకి ఎయిర్‌పోర్టు పోవాలె," అంది హలీమాబీ. "మీరిద్దరే పోన్రి. ఒకలు అలిసిపోతె ఇంకొకలు నడుపున్రి. గా వైరు మాత్రం ముట్టకున్రి. నా కొడుకు డప్పులతోని రావాలె."

కారు మళ్లీ అదే వీధిలోంచి, ప్రతి గడప ముందూ డప్పులు కొట్టుకుంటూ వెనక్కి వెళ్లింది. గోవర్ధన్ కిటికీలోంచి రాజక్కకు డబ్బా అందించబోయాడు. "ఇగో నీ తొక్కు, అక్కా. నేను పోతలేను."

రాజక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "ఇచ్చింది వాపస్ తీస్కుంటరారా? ఎవలన్న పోయేటోళ్లుంటె పంపు. లేకుంటె నువ్వే తిను."

ఆ ఏడు గోవర్ధన్ ఇంట్లో తొక్కుకు మామిడికాయ కొనలేదు.