జినాయిదా పతకంలో ఉల్క ముక్క

"ఈ కేసు ఛేదించగల మేధావి ఉరల్ కొండలకు ఇవతలా అవతలా ఒక్కడే ఉన్నాడు. మన అదృష్టం కొద్దీ అతను ఈ సోఫాలోనే కూర్చున్నాడు" అన్నాడు రోదియోన్.

జినాయిదా ఇంటి సోఫాలో అతని పక్కనే యెఫీమ్ కూడా ఉన్నాడు గానీ, ఆ మేధావి తను కాదని అతనికి తెలుసు. ఊరి స్నానశాలలో పొయ్యి రాజేసే ఉద్యోగం నుంచి రిటైరైనప్పటి నుంచి రోదియోన్ డిటెక్టివ్ అవతారం ఎత్తాడు. అప్పటి నుంచి యెఫీమ్‌కు కంటి మీద కునుకు లేదు.

ఎదురుగా జినాయిదా దిగాలుగా నిలబడి ఉంది. ఆకాశంలో ఉల్క పేలి ఊళ్లో కిటికీలన్నీ పగిలిన రోజున, గాజు పెంకులు గుచ్చుకున్న వాళ్లందరికీ కుట్లు వేసిన నర్సమ్మ ఆవిడే. ఇన్నేళ్లకు జిల్లా వాళ్లు గుర్తుపెట్టుకుని నిన్న పతకం ఇచ్చారు. దాని నడుమ ఆ ఉల్క ముక్కనే పొదిగారు. తెల్లారి చూస్తే పతకంలో ఉత్త గుంట మిగిలింది.

"మధ్యాహ్నం మ్యూజియం వాళ్లు ఫొటోకి వస్తున్నారు రోదియోన్. ఈ ఊళ్లో ఉల్క ముక్కలు అమ్ముకోని ఇల్లు లేదు. నేనూ అమ్ముకున్నాననే అంటారు" అంది ఆవిడ. యెఫీమ్ నుదుటి మీది కుట్లు కూడా ఆవిడ వేసినవే.

"భయపడకు జినా అక్కా. ఇది అంతర్జాతీయ అంతరిక్ష ముఠా పని. నేరం దగ్గర్లో ఉంటే నా పన్ను సలుపుతుంది. పొద్దుట్నుంచి ఒకటే సలుపు" అన్నాడు రోదియోన్, దవడ పట్టుకుని.

పరిశోధన జోరుగా సాగింది. పిల్లిని ప్రశ్నించారు. చీపురును అనుమానించారు. పక్కింటావిడ చెత్తబుట్ట తిరగేసి చివాట్లు తిన్నారు. చివరికి రోదియోన్ పతకం వచ్చిందని రాత్రి ఇక్కడే చేసుకున్న విందు సంగతి తీశాడు. అక్కడి ఆచారం ప్రకారం పతకం వస్తే దాన్ని గ్లాసులో వేసి, మీద వోద్కా పోసి తాగి, అడుగునున్న పతకాన్ని పళ్లతో పట్టి పైకి తీయాలి. అలా తడపకపోతే అచ్చిరాదు. జినాయిదా మందు ముట్టదు కాబట్టి ఆ భారం రోదియోనే నెత్తినేసుకున్నాడు. సీసా వంచి పోసింది యెఫీమ్.

"అంటే గ్లాసు దగ్గరున్న రెండోవాడివి నువ్వే" అన్నాడు రోదియోన్, కళ్లు చిన్నవి చేసి. "ఒరే యెఫీమ్, నీ ఆట కట్టు."

"మొదటివాడు ఎవరో?" అన్నాడు యెఫీమ్ నీరసంగా.

ఆ ప్రశ్న రోదియోన్ చెవికెక్కలేదు. తీర్పు చెప్పేముందు కాస్త గంభీరంగా ఉంటుందని పళ్లెంలోంచి ఎండు రొట్టె చక్రం తీసి కటుక్కున కొరికాడు. మరుక్షణం కుయ్యోమని అరిచి, దోసిట్లోకి ఉమ్మాడు. దోసిట్లో రొట్టె ముక్కలు, ఇనప పంటి తొడుగు, దాని లోపల ఇరుక్కుని ఒక నల్లటి రాయి.

యెఫీమ్, జినాయిదా ఇద్దరూ ఆ దోసిలి మీదికి వంగారు.

"చూశారా? దొంగల కంట పడకుండా రాత్రంతా నా దవడలో భద్రంగా దాచాను" అన్నాడు రోదియోన్, బోసి సందులోంచి తుస్సుమంటూ.

జినాయిదా ఆ పొద్దు మొదటిసారి నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. యెఫీమ్ రాయిని కడిగి, జిగురుతో గుంటలో కూర్చోబెట్టాడు. మ్యూజియం వాళ్ల బండి వీధి మలుపు తిరిగేసరికి పతకం ఆవిడ కోటు మీద ఉంది.

"రాయి కొత్తగా పెట్టాం కదా, మళ్లీ తడపాలేమో" అన్నాడు రోదియోన్, ఆశగా సీసా వైపు చూస్తూ.

"తడుపుదాం" అంది జినాయిదా. "ఈసారి టీలో. చెంచాతో తీస్తాను."