పచ్చ టిక్కు మహిమ

అయ్యా, అమ్మా! తప్పుని పట్టుకునే టెస్టు కంటే తప్పునే ఒప్పనే టెస్టు వెయ్యి రెట్లు మేలు. నవ్వకండి. నరసరావుపేటలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఈ సత్యం కనిపెట్టి హాయిగా ఉంది.

ఈపూరు నించి రోజూ బస్సులో వచ్చి ప్రశాంతి అక్కడే పనిచేస్తుంది. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. టీం లీడ్ నవీన్ సంతకం పెడితే అవుతుంది. వాళ్లు తయారుచేసేది డీబగ్గర్. పేరు విని జడుసుకోకండి! నడిచే ప్రోగ్రాంని మధ్యలో ఆపి, "నీ కడుపులో ఏముందో చెప్పు" అని నిలదీసే సాధనం. ఆ ప్రోగ్రాం ఎవరో సీ అనే కంప్యూటర్ భాషలో రాసిన ముక్కని ఇంపోర్ట్ చేసుకుంటే, అంటే తెచ్చి తనలో కలుపుకుంటే, ఆ ముక్కని సీ మాడ్యూల్ అంటారు. డీబగ్గర్ దాని లోపలికీ తొంగిచూసి చెప్పాలి.

చెబుతోందా లేదా అని చూడటానికి ప్రశాంతి ఆటోమేటిక్ టెస్టు రాసింది. మెషీనే అడుగుతుంది, మెషీనే మార్కులేస్తుంది. ఒప్పుకి పచ్చ టిక్కు, తప్పుకి ఎర్ర ఇంటూ. మాడ్యూల్లో అయిదు పెట్టి, లోపల ఎంతుందని అడిగితే డీబగ్గర్ "తెలియదు" అంది. ఎర్ర ఇంటూ పడింది.

ఎరుపు కనపడితే నవీన్‌కి బీపీ లేస్తుంది.

"డీబగ్గర్లోనే లోపం ఉంది సార్. సీ మాడ్యూల్లోకి పోగానే చేతులెత్తేస్తోంది," అంది ప్రశాంతి.

"ఎత్తేస్తదని మనకి ముందే తెలుసు గదమ్మా! 'తెలియదు' అనటమే కరెక్ట్ ఆన్సరని టెస్టులో రాసెయ్. నీ పర్మనెంట్ ఫైలు నా టేబుల్ మీదే ఉంది."

రాసేసింది. ఠక్కున పచ్చ! ఆ సాయంత్రం ఆఫీసుకి మిరపకాయ బజ్జీలు తెప్పించారు.

ఇంత చక్కటి పద్ధతి ఊరంతా ఎందుకు పెట్టరో! పిడుగురాళ్ల సున్నపురాయి లారీకి 'బ్రేకు పడదు' అని ముందే రాసుకుంటే, గుద్దిన ప్రతి లారీ ఫస్టు క్లాసులో పాస్. 'జ్వరం తగ్గదు' అని ముందే రాసుకున్న డాక్టరుకి అపజయమనేది ఉంటుందా? 'రాదు' అని ముందే రాసుకుంటే, రాని బస్సు కూడా టయానికి వచ్చినట్టే గదా!

ఇంతలో ప్రశాంతి వాళ్లమ్మ నాగేంద్రమ్మకి ఒక ముచ్చట జరిగింది. ఈపూరులో మిర్చి చేను ఆవిడే చేస్తుంది. బోరు మోటరుకి ఫోనుతో ఆపే స్టార్టర్ పెట్టించింది. పొద్దున ఆపు నొక్కి, 'మోటర్ ఆగింది' అని మెసేజీ చూసుకుని, నిశ్చింతగా పెళ్లికి పోయింది. సాయంత్రం వచ్చి చూస్తే మోటరు పోస్తానే ఉంది. చేను మడుగైంది. రెండ్రోజుల్లో కాత మీదున్న చెట్లు తల వేలాడేశాయి.

"ఏమే, ఆగిందని ఫోను చెప్పింది గదే! మరి ఈ నీళ్లేంది?" కూతుర్ని గట్టు మీద నిలబెట్టి అడిగింది నాగేంద్రమ్మ. కళ్లనిండా నీళ్లు, నోటినిండా తిట్లు.

ప్రశాంతి స్టార్టర్ కంపెనీకి ఫోన్ చేసింది. అక్కడి ఇంజినీరు పాపం మర్యాదస్తుడు.

"మోటరు ఆపే ముక్క సీ మాడ్యూల్లో ఉందండీ. లోపల ఏం జరుగుతోందో చూద్దామంటే డీబగ్గర్ తెలియదంటోంది. దాన్ని అనుమానిద్దామంటే, దాంతోపాటు ఇచ్చిన టెస్టు రిపోర్టంతా పచ్చగా ఉంది. మాకే వాడటం చేతకావట్లేదేమో!"

ఏ డీబగ్గరండీ అని అడిగింది. ప్రశాంతి వాళ్ల ఆఫీసు పేరే చెప్పాడు. ప్రశాంతి సిగ్గుతో చచ్చిపోయింది.

మర్నాడు ఆఫీసుకి పోగానే టెస్టులో ఆ 'తెలియదు' లైను కొట్టేసి, జవాబు అయిదే రావాలని మళ్లీ రాసింది. ఎర్ర ఇంటూ. నవీన్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా ఇది? పర్మనెంట్ వద్దా?"

"కావాలి సార్. మా అమ్మకి చేను కూడా కావాలి." జరిగిందంతా చెప్పింది. "బాగుచెయ్యాల్సింది టెస్టుని కాదు సార్, డీబగ్గర్ని."

నవీన్ మనసున్న మనిషి. చానాసేపు బాధపడ్డాడు. అయ్యో, అమ్మగారు ఎలా ఉన్నారని కూడా అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "పోనీ, ఆ ఇంటూకి పచ్చ రంగు వెయ్యటానికి ఆప్షన్ ఏమన్నా ఉందా?" అన్నాడు.

ప్రశాంతి వెయ్యలేదు. ఫైలు ఇంకా ఆయన టేబుల్ మీదే ఉంది. ఈపూరు చేలో ఎర్రబడాల్సిన కాయ ఈ ఏడాది ఎర్రబడలేదు. ఎర్రగా ఉన్నదల్లా ఆఫీసులో ఆ ఇంటూ ఒక్కటే.