టిక్‌మన్న చప్పుడు

ఆ పొద్దున్న వెన్‌షెంగ్ వేసుకున్న పథకం పెద్దదేమీ కాదు. తెల్లారగానే లేవాలి, కొత్త గ్రాఫిక్స్ కార్డును కంప్యూటర్ పెట్టెలో బిగించాలి, కింద అత్తగారి టిఫిన్ కొట్టులో రద్దీ తగ్గేలోపు దాన్ని పరుగులు పెట్టించాలి. మేనేజరు షియే వచ్చి చూసి తల ఊపితే, వచ్చేవారం నాన్‌గాంగ్ కంప్యూటర్ల ప్రదర్శనలో వేదిక ఎక్కేది వెన్‌షెంగే. ఏళ్ళ తరబడి అతను ఆ వేదిక వెనకాల తీగలు చుడుతూ బతికాడు. ఎక్కినవాళ్ళకి చప్పట్లు, చుట్టినవాడికి నడుం నొప్పి.

వేదిక మీద వాళ్ళు చేసే పని ఓవర్‌క్లాకింగ్. అంటే ఏమీ లేదు. నువ్వు ఇంత వేగంగా పరిగెత్తు చాలమ్మా అని చెప్పి కన్నవాళ్ళు పంపిన కార్డును పట్టుకుని, ఇంకా పరిగెత్తు, ఇంకా పరిగెత్తు అని తరమడం. అది ఎక్కడ కూలబడుతుందో దానికి ఒక్క అడుగు ముందు ఆపగలిగినవాడు మొనగాడు. ఆ రోజు ఆఫీసు భవనంలో కరెంటు మరమ్మతులు జరుగుతున్నాయి కనుక పరీక్ష వెన్‌షెంగ్ ఇంట్లో పెట్టుకున్నారు. సాన్‌చోంగ్‌లోని ఆ ఇరుకు మేడకి కార్డును స్కూటర్ మీద పొట్టకి కట్టుకుని, బాలింత ఆసుపత్రి నుంచి వస్తున్నంత నెమ్మదిగా తెచ్చుకున్నాడు.

కార్డు ఇటుకంత ఉంది. దానికి కరెంటు ఇచ్చే ప్లగ్గు బొటనవేలంతే గాని, పోసే కరెంటు మాత్రం వంటింటి పొయ్యికి సరిపడేంత. ఆ ప్లగ్గును టిక్‌మనే దాకా లోపలికి నొక్కాలి. టిక్ అనకపోతే అది కూర్చోనట్టు. కూర్చోకపోతే కాలుతుంది. ఈ ముక్క ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది కూడా వెన్‌షెంగే.

అతను పెట్టెలోకి తల దూర్చి నొక్కాడు. పక్కనే అద్దం ముందు భార్య షూఛిన్ పనికి వెళ్ళే తొందరలో జుట్టు ముడి వేసుకుంటోంది. టిక్‌మంది. వెన్‌షెంగ్ ప్రాణం కుదుటపడింది.

"విన్నావా?" అన్నాడు.

"ఏంటి వినేది? నా పిన్నులన్నీ ఎక్కడ పెట్టావ్? పోయినవారం నీ మరలన్నీ నా పిన్నుల డబ్బాలో పోశావ్."

"అత్తయ్యని ఆ ఆకుపచ్చ పొట్లం తెమ్మన్నాను. తెచ్చిందా?"

ఆ పొట్లం లేకుండా ఆ ఊళ్ళో యంత్రాన్ని ఎవరూ నమ్మరు. కొబ్బరి రుచి బొరుగుల పొట్లం అది. బ్యాంకులో, ఆసుపత్రిలో, రైలు స్టేషన్‌లో ప్రతి యంత్రం నెత్తిన ఒకటి ఉంటుంది, బుద్ధిగా పనిచేయమని. విప్పకూడదు, తినకూడదు, గడువు దాటకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఆకుపచ్చదే కావాలి. పచ్చదీపం వెలిగినట్టు నడవాలని.

అత్తగారు యూలాన్‌కి మూడు కొట్లు తిరిగినా ఆకుపచ్చది దొరకలేదు. ప్రదర్శన దగ్గరపడింది కదా, కంపెనీలవాళ్ళు అట్టపెట్టెలతో ఎత్తుకుపోయారు. ఆవిడ పసుపుది కొనుక్కొచ్చింది. అల్లుడు స్నానానికి వెళ్ళాడు. అద్దం తలుపు తీసి ఉన్న పెట్టెలో నల్లటి తీగ ఒకటి వేలాడుతూ కనిపించింది ఆవిడకి. శుభ్రంగా ఉండే మనిషి, వేలాడేది ఏదైనా కంటబడితే సహించదు. పొట్లాన్ని ఆ తీగ కిందకి దిండులా దోపి కిందకి వెళ్ళిపోయింది.

వెన్‌షెంగ్ తువ్వాలుతోనే వచ్చి మీట నొక్కాడు. ఏం నడక అది! తెర మీద పరీక్ష కోసం పెట్టిన అడవి బొమ్మ గిర్రున తిరుగుతోంది, ఆకు ఆకు లెక్కపెట్టొచ్చు. వేగం పెంచాడు, తట్టుకుంది. ఇంకా పెంచాడు, తట్టుకుంది. ఆఫీసులో ఏటా వేదిక ఎక్కే లియావ్ ఎప్పుడూ దాటని అంకె కూడా దాటింది. వెన్‌షెంగ్ ఆ అంకెను ఫోటో తీసుకున్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. తుడుచుకోడానికి తల దించితే పెట్టెలో పసుపు పొట్లం కనిపించింది.

"అత్తయ్యా!"

యూలాన్ అట్లకాడతోనే మెట్లెక్కి వచ్చింది.

"ఏమయ్యా, ఎవరైనా గొంతు పిసికారా?"

"పసుపుదా? పసుపు అంటే ఆగమని కదా అత్తయ్యా! అంతకంటే నా నోట్లో మట్టి కొట్టలేకపోయారా?"

"నడుస్తోందిగా?"

"మొహమాటానికి నడుస్తోంది!"

అంటూనే ఆ పొట్లాన్ని చటుక్కున లాగేశాడు. తెర నల్లబడింది. ఫంకాలు మూలిగి ఆగాయి. గదిలో ఎంత నిశ్శబ్దం అంటే కింద కొట్టులో సోయాపాలు పొంగడం వినిపించింది.

"అలిగింది," అన్నాడు వెన్‌షెంగ్ మంచం మీద కూలబడి. "ఇక అయిపోయింది. నా బతుకంతా తీగలు చుట్టడమే."

"ఆ ప్లగ్గేమైనా వదులుగా ఉందేమో చూడరాదూ," అంది షూఛిన్ చెప్పులేసుకుంటూ.

"టిక్‌మంది. నా చెవులారా విన్నాను."

"చూస్తే చెయ్యేమైనా అరుగుతుందా?"

"టిక్‌మంది అంటున్నానా!"

ఆ మాట మీద అతను లాగూ చొక్కా తగిలించుకుని వీధి చివరి నేలదేవుడి గుడికి పరిగెత్తాడు. ఆ రోజు నైవేద్యాల రోజు. బల్ల మీద పండ్ల మధ్య ఆకుపచ్చ పొట్లం ఒకటి తళతళలాడుతోంది, తాళాల కొట్టు ముసలాయన పెట్టింది. అడగకుండా తీస్తే దొంగతనం అవుతుంది. వెన్‌షెంగ్ నెలవంకల్లాంటి రెండు ఎర్ర చెక్కల్ని చేతుల్లోకి తీసుకుని, తన గోడంతా చెప్పుకుని నేల మీద వేశాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే దేవుడు సరేనన్నట్టు. రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే దేవుడు నవ్వుతున్నాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ నవ్వాడు.

"నవ్వండి స్వామీ. మా అత్తయ్య వెటకారమాడింది, మీరొక్కరూ తక్కువయ్యారు," అని వెన్‌షెంగ్ తను తినకుండా జేబులో పెట్టుకొచ్చిన గుడ్డు అట్టును బల్ల మీద పెట్టాడు. అప్పుడు ఒప్పుకున్నాడు దేవుడు.

ఈలోపు కొట్టు దగ్గర ఇంకో ముప్పు వచ్చి పడింది. మేనేజరు షియే చెప్పిన వేళ కంటే ముందే వచ్చి, వెన్‌షెంగ్ ఎక్కడ అని అడిగాడు.

"ఏం చెప్పమంటారు బాబూ," అంది యూలాన్, ముల్లంగి బిళ్ళలు తిరగేస్తూ. "పొద్దున్న ఎంత హుషారుగా ఉందో! ఉన్నట్టుండి కళ్ళముందు వెలుగు పోయింది. ఒక్క మూలుగు, అంతే. మావాడు ఒళ్ళు పట్టుకుని చూసి గుడికి పరిగెత్తాడు, చెప్పులు కూడా వేసుకోలేదు."

షియే చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. వెన్‌షెంగ్‌కి ముసలి నాయనమ్మ ఉందని ఆయనకి తెలుసు. మర్యాద ఎరిగిన మనిషి. ఎవరు, ఎలా అని గుచ్చి అడగలేదు. పక్కకి వెళ్ళి లియావ్‌కి ఫోన్ చేశాడు.

వెన్‌షెంగ్ పొట్లాన్ని గుండెకి హత్తుకుని వచ్చేసరికి షియే ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ధైర్యంగా ఉండు నాయనా. అందరికీ ఉండేదే. వేదిక సంగతి మర్చిపో, నేను లియావ్‌ని పెట్టుకుంటాను."

వెన్‌షెంగ్ చేతులు విడిపించుకున్నాడు. యంత్రం ఆగిన సంగతి అప్పుడే ఈయన దాకా వెళ్ళిందన్నమాట!

"వద్దు సార్! ఒక్క అవకాశం ఇవ్వండి. నేను లేపుతాను సార్. ఇదిగో, దీన్ని నెత్తిన పెడితే లేస్తుంది!"

షియే ఆ బొరుగుల పొట్లాన్ని చూశాడు, వెన్‌షెంగ్ మొహం చూశాడు. దుఃఖంలో మనుషులు ఇలా అయిపోవడం ఆయన ఎరుగును. మెల్లగా వీపు నిమిరాడు.

అంతలో ట్రక్కు ఆగింది. అందులోంచి లియావ్ దిగాడు, అతని వెనకాల నిలువెత్తు గోపురం దిగింది. ఆ ఊళ్ళో చావు ఇళ్ళకి పంపే పానీయాల డబ్బాల గోపురం, మెరుపు కాగితం చుట్టి, నడుమ తెల్లపూలు గుచ్చి. దాన్ని తెచ్చి సరిగ్గా టిఫిన్ కొట్టు గుమ్మంలో నిలబెట్టారు. వరసలో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆకలి లేనట్టు నడుచుకుంటూ వెళ్ళిపోయారు. తింటున్నవాళ్ళు సగంలో లేచారు.

"ఎవడు చచ్చాడ్రా నా కొట్లో?" యూలాన్ అట్లకాడ పైకి లేచింది.

"మీరే కదమ్మా చెప్పారు, కళ్ళముందు వెలుగు పోయిందని!"

"నేను చెప్పింది వాడి పెట్టె సంగతయ్యా! గొప్ప చదువులు చదివారు, గోపురం మోసుకొచ్చే ముందు శవం ఎవరని అడగొద్దూ?"

"ఇలాంటివి అడగరండీ," అన్నాడు షియే నీరసంగా.

సర్దిచెప్పుకునేసరికి బేరమంతా పోయింది. గోపురాన్ని అమ్మిన కొట్టువాడు వెనక్కి తీసుకోడట. ఇక మిగిలింది ఒక్కటే, అందరూ కలిసి మేడెక్కడం. వెన్‌షెంగ్ ఆకుపచ్చ పొట్లాన్ని రెండు చేతులతో పెట్టె నెత్తిన పెట్టాడు. పెట్టెలోని వేడిగాలి బయటికి పోవాల్సిన రంధ్రాలు అక్కడే ఉన్నాయి. దేవుడిచ్చిన పొట్లం కదా, పక్కన పెడితే బాగుండదు. మీట నొక్కాడు.

లేచింది. అడవి తిరిగింది. వెన్‌షెంగ్ వేగం పెంచాడు. షియే మొహం విచ్చుకుంది.

"లియావ్ ఇంత దాకా తేలేకపోయాడు," అన్నాడు.

లియావ్ గోపురం బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకొంచెం తేగలను సార్," అని వెన్‌షెంగ్ ఇంకొంచెం తెచ్చాడు.

"ఏదో మాడుతున్నట్టు లేదూ?" అన్నాడు షియే.

"నా ముల్లంగి బిళ్ళలు మాత్రం కాదు. మీ పుణ్యమా అని పొయ్యి ఎప్పుడో ఆర్పేశాను," అంది యూలాన్.

ఫట్‌మంది. మేడ మొత్తం కరెంటు పోయింది. పెట్టెలోంచి సన్నటి పొగ, అగరుబత్తి పొగలాగే పద్ధతిగా లేచింది. గోపురం గొడవలో పనికి వెళ్ళలేక కిందే ఆగిపోయిన షూఛిన్, ఏం జరిగిందోనని మేడెక్కి వచ్చింది. ఆవిడ ఆ రోజు ఇక పనికి వెళ్ళినట్టే. షియే సెల్‌ఫోన్ దీపం వేసి ప్లగ్గును లాగి చూశాడు. సగం కరిగి, కార్డు నోట్లో మైనంలా అతుక్కుపోయింది.

"ఇది సగమే దిగింది వెన్‌షెంగ్. టిక్ అనలేదా?"

"అంది సార్," అన్నాడు వెన్‌షెంగ్. "నేలదేవుడి మీద ఒట్టు. నా చెవులారా విన్నాను."

కిటికీ లేని ఆ గది చీకట్లో ఉక్కపోతకి తాళలేక షూఛిన్ జుట్టు మళ్ళీ ఎత్తి ముడిచి, పొద్దున్నలాగే క్లిప్పు నొక్కింది.

టిక్.

సెల్‌ఫోన్ దీపం ఆమె జుట్టు మీదికి తిరిగింది. వెన్‌షెంగ్ మాత్రం నేల మీద చతికిలబడ్డాడు, తీగలు చుట్టే భంగిమలోనే.

"మరి పొద్దున్న ఎలా నడిచింది?" అన్నాడు షియే, వెన్‌షెంగ్ తీసిన ఫోటోలోని అంకెను చూస్తూ.

యూలాన్ మంచం పక్కన పడి ఉన్న పసుపు పొట్లం తెచ్చి, కాలిన ప్లగ్గు కింద మళ్ళీ దోపి చూపించింది. మెత్తటి పొట్లం తీగ బరువంతా మోసి, ప్లగ్గును పైకి ఎత్తి పట్టుకుంది. వెన్‌షెంగ్ లాగేసింది దాన్నే; ఆ తర్వాత సగం దిగిన ప్లగ్గు కొసన అంటుకునే నడిచింది, కాలేదాకా.

కాలిపోయిన కార్డును అట్టపెట్టెలో పడుకోబెట్టి గుమ్మం దగ్గర పెట్టారు. గోపురం పక్కనే ఉంది. తెచ్చినందుకు అదైనా పనికొచ్చింది.

వారం తిరిగాక నాన్‌గాంగ్ ప్రదర్శనలో వెన్‌షెంగ్ వేదిక ఎక్కాడు. అబద్ధం కాదు, ఫోటోలు ఉన్నాయి. వేగం పెంచింది లియావ్, వెన్‌షెంగ్ కనిపెట్టిన లెక్కలతోనే. తీగ కింద పసుపు పొట్లం దిండులా ఒదిగి ఉంది. వెన్‌షెంగ్ పని ఒక్కటే. అందరి కంటే ముందు వచ్చి, ప్లగ్గు నొక్కి, ఆ చప్పుడు హాలంతా వినబడేలా మైకు దగ్గరగా పట్టుకోవడం. షియే పెట్టిన కొత్త నియమం అది. వందల మంది ఊపిరి బిగబట్టారు. టిక్‌మంది. చప్పట్లు మోగాయి.

ముందు వరసలో షూఛిన్ జుట్టు విరబోసుకుని కూర్చుంది.